ఏడు మంగళవారాల ఎకో

పన్నెండు కావడానికి ఇంకా ఇరవై రెండు నిమిషాలుంది. పన్నెండుకి ఒడీల్‌కి ఫోన్ చేయాలి, ఏడు వారాలుగా ప్రతి మంగళవారం చేస్తున్నట్టే. చేయకపోతే ఆమెకు అనుమానం వస్తుంది, చేస్తే ఏం మాట్లాడాలో నాకు తెలియదు, అసలు అనుమానపడాల్సింది ఆమెనా నేనా, పంతొమ్మిదేళ్ళుగా నాతో పనిచేస్తున్న స్నేహితురాలి గురించి ఇలాంటి ఆలోచన చేస్తున్నందుకు నా చెంప నేను వాయించుకోవాలా, లేక ఇన్నాళ్ళూ చేయనందుకు వాయించుకోవాలా. నేను కూర్చుని పనిచేసే మా ఇంటి బేస్‌మెంట్‌లో, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు ఆగి ఆగి రొద పెడుతోంది. చిన్న కిటికీకి అవతల మంచు సగం దాకా పేరుకుని ఉంది, మార్చి మూడో వారమైనా కరగనంటోంది. తెర మీద నా పేరు పక్కన పసుపు చుక్క వెలుగుతోంది, అంటే నేను విరామంలో ఉన్నాను, అంటే మాంక్టన్ మెయిన్ స్ట్రీట్ ఆఫీసులో ఒక గడియారం నా సెకన్లు లెక్కపెడుతోంది. లెక్కపెట్టుకోనీ.  నాకు వచ్చింది కోపమో భయమో ఇంకా తేలలేదు.

అంతా ఆ విత్తనాల పెద్దాయన వల్ల వచ్చింది. కెనడాకి పడమట సస్కచెవాన్‌లో ఎక్కడో గోదాము నడుపుతాడు, మా కంపెనీ ఇంటర్నెట్ ఫోన్లు పెట్టించుకున్నాడు, పదకొండున్నరకి లైన్లోకి వచ్చాడు. “అమ్మా, నేను హలో అంటే నా హలో నాకే వస్తోంది. రైతుతో బేరమాడదామంటే నాతో నేనే బేరమాడుతున్నట్టుంది. మీ ఫోను మార్చేయండి.” నాది ఎకో డెస్కు, రోజుకు ముప్పైసార్లు చెప్పే మాటే ఆయనకీ చెప్పాను. “మీ ఫోను బాగానే ఉందండీ. మీ మాట అవతలివాళ్ళ స్పీకర్లోంచి బయటపడి, మళ్ళీ వాళ్ళ మైకులోనే దూరి మీకు తిరిగొస్తోంది. ఎకో వినబడేవాళ్ళ దగ్గర తప్పుండదు. తప్పు అవతలి చివర ఉంటుంది.” “వినబడేది నాకైతే తప్పు వాడిదెలా అవుతుందమ్మా?” “అదే దీని తమాషా. వాళ్ళనే అడిగి చూడండి, మాకు బాగానే వినిపిస్తోంది, మీ వైపే ఏదో ఉంది అంటారు. అలా అన్నారంటే...” అలా అన్నారంటే ఖాయంగా తప్పు వాళ్ళదే, అన్నది ఆ వాక్యంలో మిగతా సగం. వేలసార్లు పలికిన సగం. అది నా నోట్లోంచి రాలేదు. పెద్దాయన హలో, హలో అని పిలుస్తున్నాడు, ఆయన హలోలు రెండేసి చొప్పున ఆయనకే వినబడుతున్నాయి కాబోలు పాపం, నేను నీళ్ళలో మునిగినదానిలా కూర్చుండిపోయాను.

ఎందుకంటే ఆ మాట నేను విన్నాను, రెండో మంగళవారం. “ఒడీల్, నా గొంతు నాకే వస్తోందే” అని నేనంటే, “నాకు బాగానే వినిపిస్తోందే జెర్, నీ వైపే ఏదో ఉంది, చూసుకో” అంది. చూసుకున్నాను. ఎంత బాగా చూసుకున్నానో. రూటరు మార్చాను. హెడ్‌సెట్ మార్చాను. మెట్ల కింద నుంచి వచ్చే తీగ పాతబడిందని నిచ్చెన వేసుకుని కొత్తది లాగాను, దిగేటప్పుడు మోకాలు కొట్టుకుంది. మంగళవారం మధ్యాహ్నం వాషింగ్ మెషిన్ వేయడం మానేశాను. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీవాళ్ళతో గంటసేపు పోట్లాడితే అక్కడి మనిషి, “మీరే ఎకో డెస్కులో పనిచేస్తారని అంటున్నారు కదా మేడమ్” అని మెల్లగా నవ్వాడు, ఆ నవ్వయినా నన్ను నిద్ర లేపాల్సింది. దేశమంతటికీ చెప్పే సూత్రం నా ఇంట్లో నాకు పనికి రాలేదు. అవతలి చివర తప్పుందని చెప్పడం ఎంత సులువో, అవతలి చివర ఉన్నది మనకెవరూ కానప్పుడు. ఒడీల్ పక్క ఊరు షెడియాక్‌లో తన వంటింట్లో ఒంటరిగా కూర్చుని, చెవులకి హెడ్‌సెట్ పెట్టుకుని మాట్లాడుతున్నానంది. చెవులకి పెట్టుకున్నదాంట్లోంచి ఎకో రాదు. కాబట్టి తన నుంచి రాదు. కాబట్టి నా నుంచే. ఇంత చక్కని తర్కం ఏ వకీలూ చేయడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేనైతే దొంగకి ఎదురెళ్ళి, నాయనా నీ తాళం ఏమైనా పాడైందా అని అడిగాను.

ఉహూ. ఇంకా దొంగ అనకూడదు. క్లోవిస్ సంగతి వేరే దారిన కూడా పొక్కి ఉండొచ్చు. క్లోవిస్ పొద్దున తొమ్మిదికి ఫోన్ చేశాడు. క్లోవిస్ మెయే, యాభై ఎనిమిదేళ్ళవాడు, డెస్కులో అందరికంటే పాతవాడు, తిట్టే కస్టమర్‌ని కూడా మూడు నిమిషాల్లో తన చేపల వేట కథలోకి దింపగలవాడు. “తలుపేసేశారు అమ్మాయ్” అన్నాడు. “ఏ తలుపు?” “నాదే. లాగిన్ కొడితే తీసుకోవట్లా. కాసేపటికి ఉత్తరం వచ్చింది. కాల్‌కీ కాల్‌కీ మధ్య నేను ఎక్కువ ఊపిరి పీలుస్తున్నానంట.” నవ్వబోయాడు, నవ్వు సగంలో దగ్గుగా మారింది. వెనక వాళ్ళావిడ గిన్నెలు సర్దుతున్న చప్పుడు, ఎవరైనా ఏదో ఒకటి చేస్తూ ఉండాలన్నట్టు సర్దుతున్న చప్పుడు. తర్వాత అడిగాడు. “జెర్మెన్, నేను కార్డు మీద సంతకం పెట్టానని నువ్వెవరికైనా చెప్పావా?” లేదన్నాను. తడుముకోకుండా అన్నాను. అబద్ధమాడుతున్నానని తెలిసి అనలేదు, అదే ఇప్పుడు నన్ను కొరుక్కుతింటోంది. ఒడీల్‌కి చెప్పడం కూడా ఒకరికి చెప్పడమేనని నాకు తట్టనే లేదు. ఒడీల్‌కి చెప్పడమంటే నాలో నేను అనుకోవడం, కాస్త పైకి అనుకోవడం, అంతే.

యూనియన్ పెట్టుకుందామన్న మాట మొదట ఎత్తింది నేనే. మాతో పనిచేసే లుసీల్ గాలాంకి మూత్రాశయం జబ్బు, డాక్టరు ఉత్తరం కూడా తెచ్చిచ్చింది, అయినా ఆమె పసుపు చుక్కలన్నీ కూడి నెలాఖరుకి కాగితం మీద పెట్టి చూపించారు, ఇన్ని నిమిషాలు లేచావు అని. యాభై ఏళ్ళ మనిషిని. ఆ రోజు మా మేనేజర్ ట్రెవర్ స్టీవ్స్ డోనట్ల పెట్టె తెరిచి, మనమంతా ఒక కుటుంబం అన్నాడు. లుసీల్ మేపుల్ పాకం పూసిన డోనట్ తీసుకుని థాంక్స్ చెప్పింది, ఆ థాంక్స్ విని నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పుడు మొదలైంది. పనిచేసేవాళ్ళలో సగానికి పైగా కార్డుల మీద సంతకాలు పెడితే ప్రభుత్వ బోర్డుకి పంపొచ్చు. అందాకా ఎవరెవరు పెట్టారో కంపెనీకి తెలియకూడదు, ఈ ఆటలో నియమం అదొక్కటే. ఒక్కొక్కరితో మాట్లాడి, ఒక్కొక్కరి భయం విని, ఒక్కొక్కరి వంటింట్లో టీ తాగి సంపాదించాను. పదిహేడు కార్డులు, ఫర్నేసు వెనక బిస్కెట్ల డబ్బాలో. ఇంకో నాలుగు వస్తే చాలు. మొదటి కార్డు మీద సంతకం ఒడీల్‌ది. నాలుగు వేళ్ళూ బల్ల మీద ఆన్చి నెమ్మదిగా రాసింది, ఒడీల్ బాబినో, చివర ఒక తోక తీసింది, “ఇప్పటికైనా ఈ చేతిరాత ఒకందుకు పనికొచ్చిందే” అంది.

ఆమె మీద ఇలా అనుకోవడానికి నాకు నోరెలా వచ్చింది. నోరు అంటే గుర్తొచ్చింది, ఆరేళ్ళ కిందట నాకు గొంతులో కాయలు లేచి కోశారు, మూడు వారాలు ఒక్క మాట కూడా పలకకూడదన్నారు, గుసగుస కూడా. మాట అమ్ముకుని బతికేదానికి మాట లేకుండా మూడు వారాలు. ఒడీల్ రోజూ షిఫ్టు దిగి షెడియాక్ వెళ్ళకుండా ఇక్కడికి వచ్చేది, పిండి ఉండలు వేసిన కోడి పులుసు గిన్నెకి తువ్వాలు చుట్టి తెచ్చేది, నా ఎదురుగా కూర్చుని ఇద్దరి మాటలూ తనే మాట్లాడేది. “ఇవాళ ఎలా ఉన్నావే జెర్? బాగానే ఉన్నా ఒడీల్, ఈ పులుసులో ఉప్పు తక్కువైంది. ఉప్పు తక్కువా? నీ నాలిక కూడా కోసేశారా ఏంటి?” నేను నవ్వితే కుట్లు లాగేవి, ఏడుపొచ్చేది. నా తరఫున ఎంత బాగా మాట్లాడేదంటే నేనే మాట్లాడినా అంత బాగా ఉండేది కాదు. నేను లోపల ఏమనుకుంటున్నానో ఆమెకి తెలుసు, అదే నాకు ఆమె మీద ఉన్న నమ్మకం, ఇప్పుడు చూస్తే అదే ఆమె చేతిలో ఉన్న సరుకు. పన్నెండుకి తొమ్మిది నిమిషాలు. చలి లేదు, అయినా శాలువా కప్పుకున్నాను.

ఆదివారాలు ఎకో ఉండదు. ఈ ముక్క ఇంతవరకు నా బుర్రకి ఎందుకెక్కలేదు? ఆదివారం సాయంత్రం తనే చేస్తుంది, అవే ఫోన్లు, కంపెనీ లైను కాదు, మా సొంత సెల్లుల మీద ఇంటర్నెట్‌లో ఉచితంగా చేసుకునే కాల్, అదే రూటరు, అదే నేను. లైను అద్దంలా ఉంటుంది. మంగళవారం మధ్యాహ్నం ఇంటర్నెట్ మీద జనం ఎక్కువ కాబట్టి అనుకున్నాను. జనం ఎక్కువైతే మాట తెగుతుంది, అంతేగాని తిరిగి రాదు, ఈ సంగతి ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో నేర్పుతారు. ఇంకొకటి. ఆదివారం మాది ఫ్రెంచి, మా ఊరి ఫ్రెంచి, సగం పదాలు ఇంగ్లీషువే అయినా నడక మాత్రం మాది. మంగళవారం ఒడీల్ ఇంగ్లీషులో మాట్లాడుతుంది. మొత్తం ఇంగ్లీషులో. మొదటిసారి అడిగాను కూడా, “ఏంటే, నేను నీకు కస్టమర్నా?” అని. “పొద్దుట్నుంచీ అదే వాగుడు కదే, నాలిక ఇంక తిరగట్లా” అంది. నేనూ ఇంగ్లీషులోకి మారాను, ఆమె సుఖం కోసం. ఇది మా జబ్బు. పదిమంది అకేడియన్లం, అంటే ఇక్కడి ఫ్రెంచివాళ్ళం, ఒక బల్ల చుట్టూ కూర్చుని ఉంటే, అందులో ఒక్క ఇంగ్లీషువాడు వచ్చి కుర్చీ లాక్కున్నాడంటే, ఆ వాక్యం మధ్యలోనే అందరం ఇంగ్లీషులోకి దిగిపోతాం. పుట్టింటి నుంచి తెచ్చుకున్న మర్యాద అది. పెళ్ళిళ్ళలో, చావుల్లో, హాకీ ఆటలో, ఎక్కడైనా. ఎవరూ అడగక్కర్లేదు. గదిలో వాడున్నాడు కాబట్టి.

గదిలో వాడున్నాడు కాబట్టి. ఒడీల్ వంటింట్లో ఇంగ్లీషువాడెవడూ లేడు. భర్త ఫెర్నాండ్‌కి ఇంగ్లీషులో వాతావరణం గురించి తప్ప మరొకటి మాట్లాడటం రాదు. మరి ఎవరి మర్యాద కోసం?

కళ్ళు మూసుకుని పోయిన మంగళవారాన్ని మళ్ళీ విన్నాను. సొంత గొంతు ఎవరికీ నచ్చదు, అందుకే ఏడు వారాలుగా అది వచ్చినప్పుడల్లా చెవులు మూసుకున్నంత పని చేశాను, ఒక్కసారి కూడా దాన్ని విననే లేదు. కస్టమర్ల ఎకో అయితే రెండు క్షణాల్లో చెప్పేస్తాను, ఇది కారు, ఇది స్నానాల గది, ఇది మెత్తటి సోఫాలున్న హాలు. నాది మాత్రం వినలేదు. ఇప్పుడు వింటున్నాను. నేను క్లోవిస్ అన్నాను, అర సెకను తర్వాత క్లోవిస్ అని వచ్చింది, పల్చగా, అంచుల్లో గరుకుగా, చివర కాస్త సాగుతూ. వంటింట్లో గొంతు అలా సాగదు, తెరలుంటాయి, చెక్క అలమరాలుంటాయి, ఒడీల్ ఇంట్లో అయితే అడుగుకొక అల్లిక గుడ్డ ఉంటుంది. అలా సాగాలంటే పెద్ద గది కావాలి, పొడుగాటి బల్ల కావాలి, మూడు వైపులా గాజు కావాలి. దాని వెనక సన్నటి హోరు, ఒడీల్ ఫ్రిజ్ అనుకున్నాను. ఫ్రిజ్ కాదు, గోడకి అవతల కూల్‌డ్రింకుల మెషీను, నాకు తెలుసు, ఎందుకంటే మూడేళ్ళ కిందట ఆ గదిలో చప్పట్లు కొట్టుకుంటూ మూల మూలా తిరిగింది నేనే. మా ఆఫీసు ఆరో అంతస్తులో మీటింగుల గది. అక్కడి నుంచి ఎవరు మాట్లాడినా ఎకో వస్తోందని ట్రెవర్ నన్నే పిలిపించాడు. గాజుకి మందపాటి గుడ్డ పలకలు తగిలించండి, ఏ యంత్రమూ ఇంత పెద్ద బోసి గది ఎకోని మింగలేదు అని రెండు పేజీలు రాసిచ్చాను. చాలా బాగుంది జెర్మెన్ అన్నాడు. తగిలించలేదు.

 అనుమానం ఉన్నంతసేపూ పరవాలేదు, ఆమె తరఫున వాదించడానికి నాలో ఒకరుండేవారు, ఇప్పుడు ఆ మనిషి కూడా లేచి వెళ్ళిపోయింది. నాకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది. మోసపోయినవాళ్ళకి ముందు సిగ్గే వేస్తుందని ఎవరూ చెప్పలేదు. ప్రతి మంగళవారం టమాటా శాండ్‌విచ్ పక్కన పెట్టుకుని, కాళ్ళు చాపుకుని, నేను నవ్వుతూ చెప్పినదంతా, లుసీల్ భయం, క్లోవిస్ మొండితనం, ట్రెవర్ టై మీద నేను వేసిన జోకు, అంతా ఒడీల్ ఫోను స్పీకరు తెరిచి, ట్రెవర్ ముందు ఆ బల్ల మీద గిన్నెలో వడ్డించినట్టు పెట్టింది. ట్రెవర్ ఆ జోకుకి నవ్వాడా? నవ్వు ఆపుకున్నాడా? ఆ ఆలోచనకే ముఖం కాలిపోతోంది. పన్నెండయింది. చేయకుండా ఉండొచ్చు, ఒంట్లో బాగాలేదని ఒక ముక్క పంపొచ్చు. కాని ఇవాళ తను అడగబోయేది నాకు తెలుసు, ఆదివారమే అంది, మిగతావాళ్ళ పేర్లు చెప్తే మంగళవారం కూర్చుని ఎవరెవరు మిగిలారో చూసుకుందామని. పేర్లు. నాతో కాకపోతే ఇంకొకరితో, లుసీల్‌తోనే కూర్చుని అడుగుతుంది. నొక్కాను.

“వచ్చావా” అంది ఒడీల్, ఇంగ్లీషులో.

“వచ్చాను” అన్నాను నేను ఫ్రెంచిలో, నా వచ్చాను అర సెకను తర్వాత ఆరో అంతస్తు గాజు తగిలి నా దగ్గరికి వచ్చింది.

“క్లోవిస్ సంగతి విన్నావా? పాపం. నాకు పొద్దుట్నుంచీ అన్నం దిగలేదు” అంది, ఆ గొంతులో జాలి నిజమే, అదే నాకు భరించరానిదైంది, నిజమైన జాలి. “ఇంక ఆలస్యం చేయకూడదు జెర్. మిగతా వాళ్ళెవరో చెప్పు, నేను సగం మందిని కనుక్కుంటా, నువ్వు సగం. ఒక్కదానివే మొయ్యక్కర్లా.”

“ఎకో వస్తోందే.”

“మళ్ళీనా? చెప్పాగా, నీ వైపే...”

“ఒడీల్, ఒక్కసారి మ్యూట్ నొక్కు.”

మా పనిలో అది చివరి పరీక్ష. అవతలివాళ్ళు మైకు మూస్తే ఎకో ఆగిందంటే రోగం వాళ్ళ దగ్గరే, ఇంక వాదన ఉండదు. ఈ సంగతి కస్టమర్లకి చెప్పం, ఊరికే నొక్కమంటాం. ఒడీల్‌కి చెప్పక్కర్లేదు. పంతొమ్మిదేళ్ళుగా ఆమె కూడా ఇదే అడుగుతోంది, రోజుకు ముప్పైసార్లు. మా ఇద్దరి మధ్య ఆ మాటకి ఒక్కటే అర్థం. అవతల కూల్‌డ్రింకుల మెషీను హోరు, ఎవరో కుర్చీలో కదిలిన చిన్న చప్పుడు, ఆమె కుర్చీ కాదు, దూరంగా. నొక్కదనుకున్నాను. ఏదో ఒకటి అంటుంది, అబ్బ ఇప్పుడెందుకే అంటుంది, కాల్ తెగిపోయినట్టు చేస్తుంది. నొక్కింది. అలవాటుకొద్దీ వేలు దానంతటదే పోయిందో, దొరికిపోవాలని ఆమెలో ఒక మూల కోరుకుందో నాకు తెలియదు, తెలిసినా క్షమించను. హోరు ఆగింది. “ఒకటి” అన్నాను. ఏమీ రాలేదు. “రెండు.” రాలేదు. “మూడు.” నా గొంతు వెళ్ళింది, వెళ్ళినట్టే ఉండిపోయింది. ఏడు వారాలుగా నేను ఎంత వెతికానో ఆ శుభ్రమైన లైను కోసం. తర్వాత హోరు తిరిగి వచ్చింది, “నాలుగు” అంటే నాలుగు అని వచ్చింది.

అప్పుడు నేను ఇంగ్లీషులోకి మారాను. మర్యాద కదా, గదిలో ఇంగ్లీషాయన ఉన్నాడు. “ట్రెవర్, మీరు చివరి కుర్చీలో కూర్చున్నట్టున్నారు. అక్కడికి సరిగా వినబడదు, కాస్త బల్ల దగ్గరికి జరగండి.” కుర్చీ జరిగిన చప్పుడు లేదు. “ఆ గాజుకి గుడ్డ తగిలించమని మూడేళ్ళ కిందట మీకు రాసిచ్చాను. తగిలించి ఉంటే ఇవాళ మీరు నాకు దొరికేవారు కాదు. పేర్లు కావాలన్నారు కదా, రాసుకోండి. జెర్మెన్ రిషార్. ఇదంతా మొదలుపెట్టింది నేను, కార్డులు పంచింది నేను, అవి నా దగ్గరే ఉన్నాయి. ఇంతకు మించి నా నోట్లోంచి ఒక్క పేరు కూడా రాదు.” జెర్మెన్ రిషార్ అని గాజు పలికింది, ముందు నా పేరు, దాని వెనక మిగతాదంతా, కాస్త పల్చబడి. ట్రెవర్ గొంతు సవరించుకున్నాడు. “జెర్మెన్, మనం దీన్ని పెద్దమనుషుల్లా కూర్చుని మాట్లాడుకోవచ్చు” అన్నాడు, డోనట్ల పెట్టె తెరిచేటప్పటి గొంతుతోనే.  యూనియన్ పెడుతున్నవాళ్ళని పనిలోంచి తీసేస్తే చట్టం ఏమంటుందో నాకు తెలుసు, ఆయనకీ తెలుసు, అది తర్వాతి మాట.

ఏదో గీరుకున్న చప్పుడు, తలుపు, అడుగులు, తర్వాత ఉన్నట్టుండి హోరు లేదు, గాజు లేదు. ఒడీల్ గొంతు మాత్రం ఉంది, దగ్గరగా, సెల్లు బుగ్గకి ఆనించుకుంటే వచ్చే గొంతు, ఫ్రెంచిలో. “జెర్. వరండాలోకి వచ్చాను. ఒక్కదాన్నే ఉన్నాను.” నేను శాలువా ఇంకా దగ్గరికి లాక్కున్నాను. “ఇంక నాకు కాల్స్ ఉండవన్నారే. కాగితాలు చూసే నాణ్యత డెస్కులో వేస్తామన్నారు. హెడ్‌సెట్ పెట్టుకోనక్కర్లేదు, ఎవడి తిట్లూ వినక్కర్లేదు, మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చోవచ్చు. పంతొమ్మిదేళ్ళయింది జెర్, ఇంటికెళ్ళాక కూడా చెవుల్లో మోగుతూనే ఉంటుంది, ఫెర్నాండ్ మాట్లాడితే కూడా అరవాలనిపిస్తుంది. నీకు తెలుసుగా.”

తెలుసు. అదే ఘోరం. ఇంకెవరు ఈ మాట చెప్పినా నాకు అర్థమయ్యేది కాదు, కోపంతో తేలిగ్గా బయటపడేదాన్ని. కాల్స్ లేని కుర్చీ. నేను కూడా ఎన్నోసార్లు కలగన్న కుర్చీ. నాకు అర్థమైంది, అర్థమైనకొద్దీ ఒళ్ళంతా చేదెక్కింది, ఆ నిశ్శబ్దం కోసం క్లోవిస్‌ని ఇచ్చేసింది, నన్ను ఇచ్చేసింది, నాకు గొంతు లేనప్పుడు నా తరఫున మాట్లాడిన మనిషి. ఒక్కటే అడగాలనుకున్నాను, ఒక్కటే మిగిలింది.

“క్లోవిస్ కాక ఇంకా ఎవరెవరి పేర్లు తెలుసు వాళ్ళకి?”

 లైను ఎంత శుభ్రంగా ఉందంటే ఆమె మింగిన చప్పుడు వినబడింది.

“నువ్వు చెప్పినవన్నీ” అంది.

పెట్టేశాను. పన్నెండు దాటి పదమూడు నిమిషాలు. నేను చెప్పినవన్నీ అంటే ఎన్ని? క్లోవిస్ ఒక్కడి పేరే చెప్పాననుకున్నాను, కాని మంగళవారం వెంబడి మంగళవారం నడుస్తూ పోతే ఒక్కొక్కటే బయటపడుతోంది, లుసీల్ సంతకం పెడుతూ కలం కింద పడేసిందని నవ్వాను కదా, అది ఒకటి. సేల్స్ వైపు ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఒప్పుకున్నారని గొప్పలు చెప్పుకున్నాను, అవి రెండు, మూడు. రాత్రి షిఫ్టు అమ్మాయి సంతకం అయింది, తర్వాత ఎవరొస్తారో చూద్దాం అన్నాను, నాలుగు. చర్చి దగ్గర కలిసిన మనిషి, ఐదు. పేరు చెప్పలేదు గాని చెప్పినట్టే. ఎవరూ నన్ను బలవంతం చేయలేదు. నోట్లో నువ్వుగింజ నానదని చిన్నప్పుడు మా అమ్మ నన్నే అనేది, పెద్దయ్యాక రహస్యాలు దాచగలనని అనుకున్నాను, దాచాను కూడా, ఒక్క మనిషి దగ్గర తప్ప. తెర మీద పసుపు చుక్క ఆరిపోయి, దాని చోట బూడిద రంగు వచ్చింది, నా పేరు కూడా కనబడటం లేదు, నా తలుపు కూడా వేసేశారు. మంచిదే. ఇంక నా సెకన్లు నావి. భోజనాలయ్యాక ఒంటిగంటకి వాళ్ళంతా మళ్ళీ లాగిన్ అవుతారు, ఎవరిది తీసుకోదో ఎవరికీ తెలియదు. క్లోవిస్‌కి చేయాలి, లేదని చెప్పినందుకు చేయాలి, ఆయనకి ముందే అంతా అయిపోయింది, కాస్త ఆగగలడు. ఇంకా తలుపు తెరిచే ఉన్నవాళ్ళు ఆగలేరు. ఉత్తరం చేరకముందే చెప్తే ఏం చేయాలో వాళ్ళే తేల్చుకుంటారు, నన్ను తిట్టాలంటే అదీ తేల్చుకుంటారు.

రెండు రింగులకే ఎత్తింది, నోట్లో ఏదో నములుతూ.

“లుసీల్, జెర్మెన్‌ని. తినడం ఆపి విను. నీ పేరు ట్రెవర్‌కి తెలిసిపోయింది.”

“నా పేరా?” నమలడం ఆగింది. “ఎవరు చెప్పారే?”

ఒడీల్ అనొచ్చు. ఒడీల్ అంటే నిజమే, అబద్ధం కాదు, లుసీల్ వెంటనే నమ్ముతుంది, నన్ను జాలిగా కూడా చూస్తుంది. ఆ మాట నాలిక మీద దాకా వచ్చింది.

“నేనే” అన్నాను.